డాక్టరుగారు పెట్టే ముహూర్తం

పెళ్ళికీ, గృహప్రవేశానికీ, పిల్లవాడి అక్షరాభ్యాసానికీ, చివరికి పెరట్లో బోరు వేయించడానికీ ముహూర్తం చూసుకోవడం మనవాళ్ళకు అలవాటు. ఒడిశాలో ఉన్నా, కర్ణాటకలో ఉన్నా, తమిళనాట ఉన్నా మన ఇళ్ళలో పంచాంగం ఉండవలసిందే. అయితే ఏ పంచాంగంలోనూ దొరకని ముహూర్తం ఒకటుంది. అవయవ మార్పిడి ఆపరేషనుకు అంతా సిద్ధమైన సమయంలో రోగికో దాతకో వైరస్ జ్వరం తగిలితే, ఆ ఆపరేషను మళ్ళీ ఎప్పుడు చేయాలన్నది డాక్టరుగారు పెట్టే ముహూర్తం. అది ఎలా పెడతారో, ఎందుకు ఒకరికి మూడు నెలలూ మరొకరికి మూడు నాలుగు వారాలూ అంటారో తెలుసుకోవలసిన అవసరం మా కుటుంబానికి వచ్చింది.

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో లెడ్జర్లతోనూ, లోన్ ఫైళ్ళతోనూ కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. డాక్టర్లు చెప్పగా విన్నదీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ మన పత్రిక ద్వారా నలుగురికీ చెబితే, ఎప్పుడైనా ఎవరికైనా ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా తమ్ముడికి బరంపురంలో పట్టుచీరల కొట్టు ఉంది. రక్తపోటు వల్ల రెండు మూత్రపిండాలూ దెబ్బతిని, 2020 ఆగస్టు నుంచి వారానికి మూడు రోజులు డయాలిసిస్ మీద ఉన్నాడు. అప్పటికి వాడికి నలభై అయిదేళ్ళు. నాకు షుగరు ఉంది కనుక నా కిడ్నీ పనికిరాదన్నారు. అమ్మ వయసు డెబ్బై దాటింది. ఇక ఎవరు అని అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ ఉంటే, మా మరదలు వంటింట్లోంచి వచ్చి, "బావగారూ, ముందు నా రక్తం పరీక్ష చేయించండి. కుదిరితే నేనే ఇస్తాను" అంది. బ్లడ్ గ్రూపు కుదిరింది. మిగతా పరీక్షలూ కుదిరాయి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్య దగ్గరి బంధువుల్లోకే వస్తుంది కనుక ఇబ్బంది లేదు గాని, మేము ఒడిశావాళ్ళం, ఆసుపత్రి విశాఖపట్నంలో. కాగితాలు పూర్తయ్యేసరికి మార్చి గడిచింది. 2021 ఏప్రిల్ 28వ తేదీ ఖాయం చేశారు. అమ్మ పంచాంగం తిరగేసి, "బుధవారం, మంచిదేరా" అంది.

ఆ సంవత్సరం ఉగాది ఏప్రిల్ 13న వచ్చింది. పండుగ వెళ్ళిన మూడో రోజున, అంటే 16వ తేదీన, డయాలిసిస్ నుంచి రాగానే తమ్ముడికి జ్వరం అందుకుంది. ఆర్టీపీసీఆర్ పరీక్షలో కోవిడ్ పాజిటివ్. 19న మరదలికీ పాజిటివ్ వచ్చింది. ఆవిడకు ఒళ్ళునొప్పులూ దగ్గుతో సరిపోయింది. వాడికి మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగి, ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉంచవలసివచ్చింది. ఆ రోజుల్లో ఆక్సిజన్ బెడ్ దొరకడమంటే ఏమిటో చదువరులకు నేను వేరే చెప్పనక్కరలేదు. దేవుడి దయవల్ల గండం గడిచి మే మొదటివారానికి ఇంటికి వచ్చాడు. ఆపరేషను తేదీ ఎలాగూ దాటిపోయింది.

మే మధ్యలో ఇద్దరికీ నెగటివ్ రిపోర్టులు వచ్చాయి. ఇంకేముంది, వారం పది రోజుల్లో విశాఖకు రమ్మంటారనుకున్నాం. తమ్ముడు ఫోను చేసి, "నెగటివ్ వచ్చిందండీ, ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగాడు. డాక్టరుగారు ఫోను నన్ను తీసుకోమని, చాలా ఓపికగా చెప్పారు: "నెగటివ్ రావడం మొదటి మెట్టేనండీ. ఇంకా మూడు నాలుగు మెట్లున్నాయి. మీవాడికి డయాలిసిస్ ఉంది కనుక మనకు కాస్త వ్యవధి ఉంది. ఆ వ్యవధిని వాడుకుందాం."

ఆ మెట్లేమిటో ఆయన విడమరిచి చెప్పినది, నాకు అర్థమైనంత వరకు ఇది.

పరాయి అవయవాన్ని మన శరీరం శత్రువుగా చూస్తుంది. మన రక్షణ వ్యవస్థ ఆ కొత్త కిడ్నీ మీద దాడి చేయకుండా ఆపరేషను రోజునే గట్టి మందులు ఇచ్చి, దాని బలం తగ్గిస్తారు. ఆ తర్వాత కూడా జీవితాంతం మాత్రలు వాడాలి. అయితే ఆ రక్షణ వ్యవస్థే కదా వైరస్‌తోనూ పోరాడేది! వైరస్ ఇంకా ఎక్కడో మిగిలి ఉండగా కాపలావాడికి మత్తుమందు ఇస్తే, లోపలున్న దొంగకు తలుపులు తీసినట్టే. అణిగిపోయిందనుకున్న జబ్బు మళ్ళీ తలెత్తవచ్చు.

రెండోది, వైరస్ వెళ్ళిపోయినా అది చేసిన నష్టం వెంటనే పోదు. ఊపిరితిత్తుల్లో వాపు తగ్గడానికి వారాలు పడుతుంది. కోవిడ్ తర్వాత కొన్నాళ్ళపాటు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. కొత్త కిడ్నీకి కలిపే రక్తనాళంలో చిన్న గడ్డ ఏర్పడినా ఆ కిడ్నీ చేతికి దక్కదు. అదీగాక గంటల తరబడి మత్తులో ఉంచాలంటే ఊపిరితిత్తులు తట్టుకోవాలి.

మూడోది, పరీక్ష సంగతి. ఆర్టీపీసీఆర్ పరీక్ష వైరస్ తాలూకు ముక్కల్ని పట్టుకుంటుంది గాని, అవి బతికున్నవా చచ్చినవా అన్నది చెప్పదు. అందుకని జబ్బు పూర్తిగా తగ్గినవాళ్ళకు కూడా కొన్ని వారాలపాటు పాజిటివ్ వస్తూ ఉండవచ్చు. అందుకు విరుద్ధంగా, కేన్సరు మందులు వాడుతూ రక్షణశక్తి తగ్గినవారిలో బతికున్న వైరస్సే చాలాకాలం ఉండిపోవచ్చు. కనుక రిపోర్టు మీది ఒక్క మాట చూసి తేదీ వేయరు. రోగి ఎలా ఉన్నాడు, లక్షణాలు పోయి ఎన్నాళ్ళయింది, సి.టి. స్కాన్ ఏమంటోంది, ఇవన్నీ కలిపి చూస్తారు.

"అయితే ఎన్ని రోజులండీ?" అన్నాను. బ్యాంకువాడికి అంకె కావాలి కదా! ఆయన నవ్వి, ఆ మార్చిలోనే వెలువడిన ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పారు. 2020 అక్టోబరులో 116 దేశాల్లో ఆపరేషన్లు చేయించుకున్న 1,40,231 మంది వివరాలు అందులో సేకరించారట. అవయవ మార్పిడులే కాదు, అన్ని రకాల ఆపరేషన్లూ. కోవిడ్ రానివారిలో ఆపరేషనైన నెలరోజుల్లో చనిపోయినవారు నూటికి 1.5 మంది. కోవిడ్ తేలిన రెండు వారాల్లోపు ఆపరేషను అయినవారిలో 4.1, మూడు నాలుగు వారాల్లో 3.9, అయిదారు వారాల్లో 3.6. ఏడు వారాలు దాటాక అది మళ్ళీ 1.5కి దిగింది. కాని ఏడు వారాల తర్వాత కూడా ఆయాసం వంటి లక్షణాలు మిగిలినవారిలో మాత్రం అపాయం తగ్గలేదు. అంటే ఏడు వారాలన్నది కనీసపు గడువు. ఆ గడువు దాటితే చాలదు, మనిషి కూడా కోలుకోవాలి.

నేను ఆ రోజే ఒక నోటుపుస్తకం తీసి గీతలు గీశాను. ఒకవైపు తేదీ, మరోవైపు పాజిటివ్ వచ్చి ఎన్నో రోజు, ఆ పక్కన ఆక్సిజన్ శాతం, ఆయాసం ఉందా లేదా. ఏడు వారాలు జూన్ 4తో పూర్తయ్యాయి. ఆ రోజున తమ్ముడు మేడమెట్లు పదిహేను ఎక్కి, మధ్యలో ఆగి గోడ పట్టుకున్నాడు. నోటుపుస్తకంలో "ఉంది" అని రాశాను. డాక్టరుగారు ఇంకో నెల ఆగుదామన్నారు.

ఆ నెల ఎలా గడిచిందో అది మాకే తెలుసు. లాక్‌డౌన్‌లో వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు తీసుకువెళ్ళాలి. అక్కడ పదిమంది మధ్య నాలుగేసి గంటలు పడుకోవాలి, మళ్ళీ ఎవరినుంచైనా జబ్బు తగులుతుందేమోనని భయం. నీళ్ళు కొలిచి తాగాలి. వేసవి. తమ్ముడు ఒకరోజు విసిగిపోయి, "అన్నయ్యా, ఈ ఆపరేషను ఇక జరగదు. వాళ్ళు మాట దాటేస్తున్నారు" అన్నాడు. నాకూ లోలోపల ఆ అనుమానం రాకపోలేదు. బ్యాంకులో మేము లోను లేదని చెప్పలేక "మళ్ళీ వారం రండి" అన్నట్టుగా ఉందా ఇది అనిపించింది. అదే మాట మర్యాదగా డాక్టరుగారిని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. "వాయిదా వేరు, తిరస్కారం వేరు. వాయిదా వేసేటప్పుడు మళ్ళీ ఏం చూసి నిర్ణయిస్తామో చెప్పాలి. అది అడిగే హక్కు మీకుంది" అని, ఊపిరితిత్తుల స్కాను, గుండె పరీక్ష, రక్తం గడ్డకట్టే గుణం చూసే పరీక్ష, ఈ మూడూ సరిగ్గా వస్తే తేదీ వేస్తామని రాసి పంపించారు. ఆ కాగితం ఇంట్లో అందరి ప్రాణం కుదుటపరిచింది.

దాత విషయం కూడా ఉంది. మాకు గడియారాలు రెండు. తమ్ముడిది 16న మొదలైతే, మరదలిది 19న. ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద, ఆమెకు ఏ జబ్బూ లేకుండా చేసే ఆపరేషను ఇది. కనుక ఆమె విషయంలో డాక్టర్లు మరింత జాగ్రత్త పడ్డారు. కోవిడ్ వల్ల కొందరికి మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి కనుక క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను మళ్ళీ పరీక్షించారు. "ఇచ్చే కిడ్నీ ఎంత ముఖ్యమో, ఆవిడకు మిగిలే కిడ్నీ అంతే ముఖ్యమండీ" అన్నారు.

దాతనుంచి వైరస్ వచ్చే ప్రమాదం ఊపిరితిత్తుల మార్పిడిలో అన్నిటికంటే ఎక్కువ. అమెరికాలో మిషిగన్‌లో ఒక మరణించిన దాత ముక్కులోంచి తీసిన నమూనా నెగటివ్ వచ్చింది. ఊపిరితిత్తులు అమర్చిన తర్వాత చూస్తే, దాత ఊపిరితిత్తుల్లోంచి తీసిన నమూనాలో వైరస్ ఉంది. వాటిని పొందిన రోగి 61వ రోజున చనిపోయారు. ఆపరేషనులో పాల్గొన్న ఒక సర్జనుకూ జబ్బు సోకింది. ఆ సంగతి 2021లో వైద్య పత్రికలో వచ్చాక, ఆ దేశంలో ఊపిరితిత్తుల దాతలకు లోపలి నమూనా పరీక్ష తప్పనిసరి చేశారు. ఏ అవయవం ఇస్తున్నారన్నదాన్ని బట్టి కూడా జాగ్రత్త మారుతుందన్నమాట.

జూలై మొదటివారంలో పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాయి. 14వ తేదీ అన్నారు. అమ్మ పంచాంగం తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, "ఆషాఢమాసంలోనా? కొత్త కోడల్నే అత్తారింట ఉంచని నెల. ఇంకో నెల ఆగితే శ్రావణం వస్తుంది కదరా" అంది. రథయాత్ర 12న. మా ఊళ్ళో ఆషాఢమంటే ఒడియావారికి జగన్నాథుడి పండుగ, మనకు శూన్యమాసం! నేను డాక్టరుగారి కాగితం చదివి వినిపించి, "అమ్మా, ఆగవలసినన్నాళ్ళు ఆగాం. ఇప్పుడు ఆగితే లాభం లేదు, నష్టమే. ఇంకో జ్వరం వస్తే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రథం కదిలిన రెండో రోజు. జగన్నాథుడే బయటికొచ్చి తిరుగుతూంటే ఇక శూన్యమేమిటి. వెళ్ళిరండి" అంది. ఆషాఢానికి ఒడియా వారి లెక్క కట్టి తనే సర్దిచెప్పుకుంది.

పాజిటివ్ వచ్చిన 89వ రోజున, ముప్పై ఎనిమిది డయాలిసిస్‌ల తర్వాత, ఆపరేషను జరిగింది. బల్లమీద ఉండగానే కొత్త కిడ్నీ మూత్రం పోసిందని చెప్పారు. పదో రోజుకు క్రియాటినిన్ 1.4. మరదలు అయిదో రోజునే లేచి నడిచింది. మన దేశంలోనే 22 కేంద్రాల్లో కోవిడ్ నుంచి కోలుకుని కిడ్నీ మార్పిడి చేయించుకున్న 75 మంది వివరాలు 2021లోనే ప్రచురించారని తర్వాత తెలిసింది. వారిలో పాజిటివ్ తేలిన నాటినుంచి ఆపరేషను వరకు మధ్యస్థ వ్యవధి 60 రోజులు. లక్షణాలేవీ లేనివారికి 49, జబ్బు తీవ్రంగా చేసినవారికి 94. ఆపరేషను తర్వాత అందరూ బాగానే ఉన్నారు. మా 89 రోజులు అసాధారణమేమీ కాదని అప్పుడు తృప్తి కలిగింది.

ఇది చదివి, "అయితే ఎవరైనా మూడు నెలలు ఆగితే సరిపోతుందన్నమాట" అనుకోవద్దు. అలా అనుకోకూడదని నాకు తెలిసింది మా సహోద్యోగి కూతురి వల్ల. ఆయన నాతో బరంపురం బ్రాంచిలో పనిచేసి, బదిలీ మీద చెన్నై వెళ్ళారు. ఆ అమ్మాయికి పంతొమ్మిదేళ్ళప్పుడు రక్త కేన్సరు. మందులతో జబ్బు అణిగింది గాని, తిరగబెట్టే స్వభావం కలది కనుక అన్నయ్య దగ్గర మూలకణాలు తీసుకుని ఎక్కించాలన్నారు. 2022 జనవరి 24న చేర్చుకోవలసి ఉండగా, 17న చేసిన పరీక్షలో కోవిడ్ పాజిటివ్ వచ్చింది. రెండు రోజుల జ్వరం, గొంతునొప్పి, అంతే.

మా సహోద్యోగి నాకు ఫోను చేసి, "మీ తమ్ముడికి మూడు నెలలు ఆగారు కదా, మా అమ్మాయిని అంతకాలం ఆపితే ఏం కానీ?" అని కంటతడి పెట్టారు. ఆయన భయం న్యాయమైనదే. కిడ్నీ రోగికి డయాలిసిస్ ఉంది. రక్త కేన్సరుకు అటువంటి యంత్రం లేదు. మందులతో అణిచిన జబ్బు ఏ వారమైనా లేవవచ్చు, లేస్తే మళ్ళీ అణచడం కష్టం. మరోవైపు, మూలకణాలు ఎక్కించేముందు వారం రోజులపాటు ఇచ్చే మందులు ఎముక మజ్జను పూర్తిగా ఖాళీ చేస్తాయి. ఆ తర్వాత రెండు మూడు వారాలు తెల్లకణాలు దాదాపు ఉండవు. పూర్తి రక్షణశక్తి రావడానికి ఏడాది పైనే పడుతుంది. గొంతులో ఉన్న వైరస్ ఆ సమయంలో ఊపిరితిత్తుల్లోకి దిగితే ఆపేవాడు లేడు. కోవిడే కానక్కరలేదు. మనం జలుబని తేలిగ్గా తీసుకునే వైరస్‌లకు కూడా ఈ మార్పిడిని వాయిదా వేస్తారు.

యూరపులోని మూలకణ మార్పిడి వైద్యుల సంఘం 2020లోనే ఈ సంగతి మీద సలహా ఇచ్చింది. జబ్బు నెమ్మదైనదైతే మూడు నెలలు ఆగమన్నారు. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువైతే, లక్షణాలు పూర్తిగా పోయి, పరీక్షలు మళ్ళీ మళ్ళీ నెగటివ్ వచ్చేవరకే ఆగమన్నారు. ఒకే వైరస్‌కు రెండు గడువులు! ఆ అమ్మాయికి ఊపిరితిత్తుల స్కాను శుభ్రంగా ఉంది. కేన్సరు తిరగబెట్టలేదని మజ్జ పరీక్ష చేసి నిర్ధారించుకుని, నాలుగు వారాలకే, ఫిబ్రవరి 14న మొదలుపెట్టారు.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న ఏర్పాటు ఒకటి ఉంది. మామూలుగా రోగిని మందులతో సిద్ధం చేసి, ఆ సమయానికి దాత దగ్గర మూలకణాలు తాజాగా తీస్తారు. కాని అమ్మాయి మజ్జ ఖాళీ అయ్యాక అన్నయ్యకు పాజిటివ్ వస్తే? వెనక్కి వెళ్ళడానికి దారి ఉండదు. అందుకని ముందే అబ్బాయికి నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, మూలకణాలు సేకరించి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచారు. అవి చేతిలో ఉన్నాకే అమ్మాయికి మందు మొదలుపెట్టారు. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు అమెరికాలోని దాతల రిజిస్ట్రీ కూడా ఇలాగే ముందు దాచమని సలహా ఇచ్చింది. డిపాజిట్ జమ అయ్యాకే చెక్కు రాయాలని మేము కస్టమర్లకు చెప్పే మాటే ఇది!

పదిహేడో రోజుకు తెల్లకణాలు పెరగడం మొదలైంది. ఆ తర్వాత ఏడాదిపాటు చర్మం, నోరు పుండ్లుపడి అమ్మాయి చాలా బాధపడింది. ఎక్కించిన కణాలే శరీరం మీద తిరగబడటం వల్ల వచ్చేదట. ఇప్పుడు కుదురుకుని సి.ఏ. చదువుతోంది.

అన్నీ ఇలా సుఖాంతమే అయితే ఇది రాయవలసిన అవసరం అంతగా ఉండేది కాదేమో. మా మేనత్త కొడుకు, నాకు వరసకు బావ, కాలేయం పాడై అదే జనవరిలో మార్పిడికి సిద్ధమయ్యాడు. కొడుకు తన కాలేయంలో భాగం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆపరేషనుకు ముందు చేసిన పరీక్షలో కొడుకుకే పాజిటివ్ వచ్చింది. నాలుగు వారాలు ఆగుదామన్నారు. ఇంట్లో ఇంకెవరి రక్తమూ కుదరలేదు. కాలేయానికి డయాలిసిస్ వంటి నమ్మకమైన యంత్రం లేదు. మూడో వారంలో అన్నవాహికలోని రక్తనాళం చిట్లి మా బావ పోయాడు.

ఆ కుర్రవాడు ఈనాటికీ, "నాకు జ్వరం రాకపోతే నాన్న ఉండేవాడు మామయ్యా" అంటాడు. నేను వాడికి చెప్పేది ఒక్కటే. ఆ రోజు డాక్టర్లు ఆపరేషను చేసి ఉంటే, కాలేయంలో సగానికిపైగా కోసి తీసిన వాడి ఒంట్లో వైరస్ ఏం చేసేదో ఎవరికీ తెలియదు. ఒక ఇంట్లో ఇద్దరు పోయేవారేమో. ఎవరూ తప్పు చేయలేదు. రెండువైపులా నష్టం ఉన్నప్పుడు తక్కువ నష్టమనిపించినదాన్ని ఎంచుకున్నారు. అది తెలిసినంత మాత్రాన దుఃఖం పోదు. నేను పోగొట్టలేకపోయాను కూడా.

ఈ ముగ్గురి సంగతీ ఒకచోట పెట్టి చూసుకున్నాక నాకు అర్థమైంది ఇది. వైరస్ తర్వాత మార్పిడికి ఎన్నాళ్ళు ఆగాలన్నదానికి అందరికీ వర్తించే ఒక అంకె లేదు. లెడ్జరులో రెండు వైపులున్నట్టే ఇక్కడా రెండు వైపులున్నాయి. ఒకవైపు ఆగడం వల్ల వచ్చే లాభం: వైరస్ పోతుంది, ఊపిరితిత్తులు మానుతాయి, రక్తం మామూలు స్థితికి వస్తుంది. రెండోవైపు ఆగడం వల్ల వచ్చే నష్టం: కిడ్నీ రోగికి మరికొన్ని డయాలిసిస్‌లు, కేన్సరు రోగికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం, కాలేయ రోగికి ఒక్కోసారి ప్రాణమే. లాభం మొదట్లో గబగబా పెరిగి, కొన్ని వారాల తర్వాత పెరగడం ఆగిపోతుంది. నష్టం మాత్రం రోజురోజుకూ కూడుతూనే ఉంటుంది. డాక్టరుగారు వెతికేది ఈ రెండూ కలిసే రోజుకోసం.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. టీకాల వల్లా, వైరస్ మారడం వల్లా చాలామందికి జబ్బు తేలికగానే పోతోంది. తేలికగా వచ్చి తగ్గినవారికి గడువులు కూడా మునుపటికంటే తగ్గించారు. కాని వైరస్ పోలేదు. ఫ్లూ ఉంది, డెంగీ ఉంది, పిల్లలున్న ఇంట్లో ఆటలమ్మ ఉంది. కనుక మార్పిడికి ఎదురుచూస్తున్నవారు ఉన్న ఇళ్ళవారు కొన్ని విషయాలు గుర్తుంచుకుంటే మంచిది.

వేయించుకోవలసిన టీకాలు ఆపరేషనుకు ముందే వేయించుకోవాలి. తర్వాత వేస్తే ఒంటికి పట్టడం తక్కువ. అమెరికాలో 2021లో 658 మంది అవయవ మార్పిడి రోగుల్ని పరీక్షిస్తే, కోవిడ్ టీకా రెండు మోతాదుల తర్వాత కూడా 54 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. ఆటలమ్మ, తట్టు వంటి సజీవ టీకాలైతే ఆపరేషనుకు కనీసం నాలుగు వారాల ముందు పూర్తికావాలి. ఆపరేషను అయ్యాక ఆ రకం టీకాలు సాధారణంగా వేయరు. ఇంట్లో ఉన్న మిగతావారు తమ టీకాలు వేయించుకోవడం కూడా రోగికి రక్షణే.

జ్వరమో దగ్గో వస్తే, తేదీ పోతుందేమోనని దాచకూడదు. రోగిదైనా, దాతదైనా, వెంట ఉండేవారిదైనా సరే. దాచి బల్ల ఎక్కితే పోయేది తేదీ కాదు. వీలుంటే దాతా రోగీ ఆపరేషనుకు ముందు రెండు మూడు వారాలు జనంలోకి వెళ్ళకుండా, పెళ్ళిళ్ళూ పేరంటాలూ మానుకుని ఉండాలి. అలాగే మార్పిడి అయిపోయినవారు వైరస్ జ్వరానికి మందు సొంతంగా కొనుక్కోకూడదు. కోవిడ్‌కు ఇచ్చే ఒక మాత్రలో ఉండే రిటోనవిర్ అనే మందు, కిడ్నీని కాపాడటానికి వాడే టాక్రోలిమస్ మోతాదును రక్తంలో ప్రమాదకరంగా పెంచేస్తుంది. మా తమ్ముడికి 2023లో మళ్ళీ కోవిడ్ వచ్చినప్పుడు, మందులషాపుకు వెళ్ళకుండా ముందు విశాఖకే ఫోను చేశాడు.

ఇక వాయిదా వేశారనగానే బెంగపడి వేరే ఆసుపత్రికి పరుగెత్తకుండా, ముందు డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. ఆగితే మావారికి ఏం మేలు? ఆగినన్నాళ్ళు ప్రాణం నిలిపే ఉపాయం ఏమిటి? ఏ పరీక్ష ఎలా వస్తే, ఏ తేదీన మళ్ళీ నిర్ణయిస్తారు? మూడింటికీ జవాబు కాగితం మీద రాయించుకోండి. అడగడంలో మొహమాటం అక్కరలేదు. రెండో ప్రశ్నకు సరైన జవాబు లేదంటే, అప్పుడు ఇంకో దాత ఉన్నాడేమో చూడటం, మరణించినవారి అవయవాల కోసం జాబితాలో పేరు నమోదు చేయించడం వంటివి ఆ రోజే మొదలుపెట్టాలి. తమిళనాట ట్రాన్స్‌టాన్, కర్ణాటకలో జీవసార్థకతె, తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ ఆ పని చూస్తాయి. ఏ ఆసుపత్రిలో చికిత్స జరుగుతోందో ఆ ఆసుపత్రే పేరు నమోదు చేయిస్తుంది.

మా తమ్ముడు రోజూ ఉదయం ఎనిమిదింటికీ, రాత్రి ఎనిమిదింటికీ మాత్ర వేసుకుని కొట్టు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. కొట్టుకు వచ్చేవారిలో ఎవరింట్లోనైనా కిడ్నీ రోగి ఉన్నారంటే, చీరల బేరం పక్కనపెట్టి నా నోటుపుస్తకం చూపిస్తాడు. అందులో జూన్ 4న "ఉంది" అని రాసిన చోటు, జూలై 2న "లేదు" అని రాసిన చోటు వేలుపెట్టి చూపించి, "ఈ మధ్యన ఉన్న ఇరవై ఎనిమిది రోజులే కష్టమండీ" అంటాడు.